క్యాన్సర్ ముప్పు: అమ్మ వైపే కాదు.. నాన్న వైపు చరిత్ర కూడా అడగాల్సిందే!

2013 మే నెలలో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసం ప్రపంచవ్యాప్తంగా చర్చకు దారితీసింది. క్యాన్సర్ రాకముందే ఆమె రెండు రొమ్ములనూ ఆపరేషన్‌తో తీయించుకున్నారు. తల్లి 56 ఏళ్లకే క్యాన్సర్‌తో చనిపోయారు. పరీక్ష చేయిస్తే జోలీకి బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం ఉందని తేలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు 87 శాతమని డాక్టర్లు ఆమెకు చెప్పారు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఇది తల్లి నుంచి కూతురికే వస్తుందనుకుంటారు. నిజానికి ఈ లోపం తల్లిదండ్రుల్లో ఎవరికున్నా, కొడుకైనా కూతురైనా ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. తండ్రికి ఏ జబ్బూ రాకపోయినా లోపం ఆయన ద్వారా కూతురికి చేరొచ్చు. కాబట్టి మేనత్తలు, నానమ్మ ఆరోగ్య చరిత్ర కూడా ముఖ్యమే.

ఏం అడగాలి?

మూడు తరాల్లో ఎవరికి, ఏ అవయవానికి, ఏ వయసులో క్యాన్సర్ వచ్చిందో రాసుకోవాలి. 50 ఏళ్లలోపే రొమ్ము క్యాన్సర్, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్, మగవాళ్లలో రొమ్ము క్యాన్సర్.. ఇవి గట్టి సంకేతాలు. ఒకే వైపు బంధువుల్లో పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు కనిపించినా అలర్ట్ కావాలి. అది లించ్ సిండ్రోమ్ కావచ్చు.

కానీ మన ఇళ్లలో 'కడుపులో గడ్డొచ్చి పోయింది' అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. ఆ గడ్డ అండాశయానిదా, పేగుదా అన్నది ఎవరికీ తెలియదు. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని అసలు విషయమే దాచేవాళ్లూ ఉన్నారు. ఆ మౌనం ఖరీదు తర్వాతి తరం చెల్లిస్తోంది.

పరీక్ష ముందు ఎవరికి?

వీలైతే క్యాన్సర్ వచ్చిన వ్యక్తికే ముందుగా జన్యు పరీక్ష చేయించడం మంచిది. లోపం ఏంటో తెలిస్తే మిగతావాళ్లకు దాని కోసమే వెతకొచ్చు. ఆ లోపం రానివాళ్లకు పెద్ద బెంగ తీరినట్టే. వచ్చినవాళ్లకు ముందుగానే ఎంఆర్ఐ స్క్రీనింగ్, మందులు, ఆపరేషన్ లాంటి దారులున్నాయి. అందరికీ జోలీ దారే కాదు.. జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడాకే ఏ నిర్ణయమైనా.

అలాగని అనవసర భయమూ వద్దు. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి సుమారు 5 నుంచి 10 శాతమే. ఇంట్లో ఎవరికీ రాలేదని ధీమాగా ఉండటానికీ లేదు. ఆ చరిత్ర తెలిసిన పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి తెలుసుకోవాలి. వాళ్లు పోతే ఆ వివరాలు ఏ ల్యాబ్‌లోనూ దొరకవు.