లెక్క తేలకముందే బేరమా?

నగరవాసుల ఆరోగ్యాన్ని సర్వే చేయడం వైద్యులకు, గణాంక నిపుణులకు మాత్రమే సంబంధించిన వ్యవహారమనే భావన మన ఉద్యోగులలో కూడా బలంగా ఉన్నది. ఈ భావనను మేము నిర్ద్వంద్వంగా ఖండిస్తున్నాము. ఎవరికి ఎంత నష్టం వాటిల్లినదో తేల్చే కాగితమే రేపు నష్టపరిహారాన్ని, చికిత్సను, పింఛనును నిర్ణయిస్తుంది. ఆ కాగితం ఎవరు వ్రాయాలి, ఎంతకాలం వ్రాయాలి అన్నది శ్రామికవర్గానికి జీవన్మరణ సమస్య. ఇందుకు భోపాల్ నగరమే తిరుగులేని సాక్ష్యం.

1984 డిసెంబర్ 2వ తేదీ అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారం నుండి వెలువడిన మిథైల్ ఐసోసైనేట్ విషవాయువు నిద్రిస్తున్న నగరాన్ని కమ్మివేసింది. సమీపంలోని భోపాల్ జంక్షన్‌లో డ్యూటీలోనున్న రైల్వే సిబ్బంది తమ స్థానాలు విడువలేదు. డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్ గులాం దస్తగీర్ నిలిచియున్న రైలును వేళకు ముందే పంపివేసి అనేకమంది ప్రయాణికుల ప్రాణాలు కాపాడారు. వాయువు మిగిల్చిన వ్యాధులతో బాధపడుతూ ఆయన 2003లో మరణించారు. అమరులైన రైల్వే సిబ్బందికి ఆ స్టేషన్‌లో స్మారక చిహ్నమున్నది.

1985లో భారత వైద్య పరిశోధన మండలి 80 వేల మందికి పైగా బాధితులను ఎంపిక చేసి, వాయువు సోకని బస్తీల ప్రజలతో పోల్చుతూ దీర్ఘకాలిక సర్వేను ప్రారంభించింది. పద్ధతి సరియైనదే. అవే కుటుంబాలను ఏళ్ల తరబడి పరిశీలించినప్పుడే ఊపిరితిత్తులకు, కళ్లకు, గర్భస్థ శిశువులకు జరిగిన హాని బయటపడుతుంది. కాని ఆ సర్వే నడుస్తూండగానే 1989 ఫిబ్రవరి 14న ప్రభుత్వం కంపెనీతో 47 కోట్ల డాలర్లకు రాజీపడింది. అంతకుముందు అదే ప్రభుత్వం కోరినది 330 కోట్ల డాలర్లు! రాజీకి ఆధారంగా తీసుకొన్న మృతుల సంఖ్య సుమారు 3,000. తదుపరి పరిహారం మంజూరైన మృతుల సంఖ్యే 5,295. లెక్క తేలకముందే బేరం కుదిరినదని చెప్పుటకు ఇంతకన్న రుజువేమి కావాలి?

వైద్య పత్రాల మదింపు మరింత విడ్డూరం. 3 లక్షల 58 వేలకు పైగా బాధితుల పత్రాలను పరిశీలించిన అధికారులకు శాశ్వత సంపూర్ణ వైకల్యం పొందినవారు 40 మంది మాత్రమే కనిపించారు. ఒక్కనాటి పరీక్షలో పట్టుబడని ఆయాసం పదేళ్ల తరువాత మనిషిని మంచానికి అంటగట్టవచ్చునన్న ఇంగితం ఆ మదింపులో కానరాదు.

1994లో వైద్య పరిశోధన మండలి తన అధ్యయనాన్ని నిలిపివేసింది. 2010లో మాత్రమే భోపాల్‌లో పర్యావరణ ఆరోగ్య పరిశోధనకు ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. మధ్యలో గడిచిన 16 ఏళ్లు బాధితులకు తిరిగిరావు. అదనపు పరిహారం కోరుతూ కేంద్రం వేసిన పిటిషన్‌ను 2023 మార్చి 14న సుప్రీంకోర్టు త్రోసిపుచ్చింది. ఇన్నేళ్ల తరువాత ఈ అంశాన్ని తిరగదోడుటకు ప్రభుత్వం కారణం చూపలేదన్నది. ఆలస్యం చేసినది పాలకులు, శిక్ష అనుభవిస్తున్నది బాధితులు.

సర్వేలను ఎంతకాలం కొనసాగించగలము, ఖర్చెవరు భరిస్తారు అని ప్రశ్నించే పెద్దలకు మా సమాధానమొక్కటే. విషం శరీరంలో ఉన్నంతకాలం కొనసాగించండి. విషం వదలినవారి చేత ఖర్చు పెట్టించండి.

ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. రైల్వేలో లోకో పైలట్లకు, గార్డులకు జరిగే నియమిత వైద్య పరీక్ష ఉద్యోగి డ్యూటీకి పనికివస్తాడా లేదా అని చూస్తుంది. ఆ డ్యూటీ అతనిని ఏమి చేసినదో అడగదు. పొగలో, ఎండలో ఇంటింటికీ తిరిగే పోస్ట్‌మన్ ఆరోగ్యం గురించి ఆ మాత్రం ప్రశ్న కూడా లేదు.

కావున ఏ నగరంలో ఆరోగ్య సర్వే జరిగినా ప్రతి వ్యక్తి వృత్తిని, పనిచేసే స్థలాన్ని నమోదు చేయాలి. ఫలితాల నకలు అతని చేతికివ్వాలి. సర్వే పూర్తికాకుండా ఎట్టి రాజీ కుదుర్చుకొనరాదు. పర్యవేక్షణలో కార్మిక సంఘాలకు స్థానం కల్పించాలి. ప్రతి శాఖ తన సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగు కోర్కెలను చర్చించి, తీర్మానించి, కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము.