ఆరోగ్య శీర్షిక: కొండ మీద మోటారు సైకిళ్ళు

ఈ నెల మందుల మాట కాస్త తగ్గించి ప్రయాణం మాట చెప్పుకుందాం. జూలైలో ఒక శనివారం కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు మూడు మోటారు సైకిళ్ళ మీద వెళ్ళి వచ్చాము. ఆడవాళ్ళు, పిల్లలు, పులిహోర వెనక వ్యానులో.

ఈ పార్కు 1915లో ఏర్పడింది. దాన్ని అడ్డంగా దాటే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డును 1932లో తెరిచారు. ఎస్టెస్ పార్కు ఊరి నుంచి గ్రాండ్ లేక్ దాకా 48 మైళ్ళు. మన తూర్పు కనుమల్లో అతి ఎత్తయిన శిఖరాలు 5,500 అడుగుల చిల్లర. ఇక్కడ ఎస్టెస్ పార్కు ఊరే 7,500 అడుగుల పైన ఉంది. రోడ్డు అక్కడి నుంచి 12,183 అడుగులకు ఎక్కుతుంది. 11 మైళ్ళ పర్యంతం చెట్టన్నది కనబడదు. గడ్డి, రాళ్ళు, జూలైలోనూ కరగని మంచు. చాలాచోట్ల రోడ్డు అంచున గోడ కూడా ఉండదు. తిరుమల ఘాటు రోడ్డు మీద స్కూటరు తోలిన ధైర్యం ఇక్కడ చాలదు.

ఆ ఎత్తున ఒక్కొక్క ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. ఇంజను పీల్చేదీ అదే గాలి కనుక దాని బలమూ దాదాపు మూడో వంతు తగ్గుతుంది. బండి ఆయాసపడితే గేరు మారుస్తాం. మనిషి ఆయాసపడితే?

మాలో ఒకాయన ముందురోజు సాయంత్రమే హ్యూస్టన్ నుంచి విమానంలో వచ్చారు. 11,796 అడుగుల దగ్గరున్న విజిటర్ సెంటరులో ఆగేసరికి ఆయనకు తలనొప్పి, వికారం. పులిహోర వద్దన్నారు. "ఒక టైలెనాల్ వేసుకుంటే సర్దుకుంటుంది, ఇంత దూరం వచ్చి వెనక్కా?" అన్నారు. ఖండ విభజన రేఖ కొద్ది మైళ్ళలోనే ఉంది. దాని అవతల కొలరాడో నదిని పిల్లకాలువగా చూడాలని పిల్లలు ఉవ్విళ్ళూరుతున్నారు.

"కొండ ఎక్కడికీ పోదు, అన్నయ్యగారూ" అని ఆయన్ను వ్యానులో కూర్చోబెట్టాము. వెనక సీటులో వచ్చిన మిత్రుడు ఆయన బండి అందుకున్నాడు. అందరం వచ్చిన దారినే తిరిగాము. పిల్లలు అలిగారు. ఎస్టెస్ పార్కు చేరేసరికి ఆయనే పులిహోర అడిగారు.

ఎత్తువల్ల వచ్చే జబ్బుకు మొదటి మందు కిందికి దిగడం. తలనొప్పితో బాటు అడుగు తడబడినా, మాట తికమకపడినా, కూర్చున్నచోటనే ఊపిరాడకపోయినా ప్రాణాపాయమే, క్షణం ఆగకూడదు. రెండు చక్రాల మీద వెళ్ళేవారికి ఇంకొక చిక్కు: కళ్ళు తిరిగితే పక్కన లోయ.

వెళ్ళదలచిన వారు సముద్రమట్టం నుంచి వస్తే ఒకటి రెండు రాత్రులు డెన్వరులోనో, ఎస్టెస్ పార్కులోనో నిద్ర చేయండి. ముందురాత్రి మద్యం, నిద్రమాత్రలు వద్దు. మంచినీళ్ళు తాగుతూ ఉండండి. పార్కులో పెట్రోలు దొరకదు, ఊళ్ళోనే నింపుకోండి. పైన 20, 30 ఫారెన్‌హీటు డిగ్రీల చలి ఎక్కువ. మందపాటి కోటు, చేతి తొడుగులు ఉండాలి. వేసవిలో మధ్యాహ్నాలు పిడుగులు పడతాయి కాబట్టి పన్నెండు లోపలే పైభాగం దాటండి. దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కక, చిన్న గేరులో దిగండి. పెద్దవాళ్ళకు హెల్మెట్టు తప్పనిసరని కొలరాడో చట్టం చెప్పదు. మేము చెబుతున్నాము.