హార్మోనియం అని కొట్టి, చెరిపేశాను



పిల్లల చదువుల గురించి పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. పిల్లల్ని వాళ్లకు ఇష్టమైన దారిలో పోనివ్వాలని, పెద్దల జీతాల పిచ్చే వాళ్ల ప్రతిభను చంపేస్తోందని రాశారు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండో మాట దగ్గర మాత్రం మనసు ఒప్పలేదు. ఆ పెద్దలు రోజూ నా దుకాణం మెట్లెక్కుతారు. వాళ్ల తరఫున నాలుగు మాటలు చెప్పాలి.

ఉప్పునుంతలలో నాది చిన్న నెట్ సెంటర్. జిరాక్సులు తీస్తాను, దరఖాస్తులు నింపుతాను, హాల్ టికెట్లు, మార్కుల మెమోలు ప్రింటు తీసిస్తాను. మా మండలంలో ఎవరి ఇంట్లో ఎవరి మీద ఎంత ఆశ పెట్టుకున్నారో నా కంప్యూటర్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. గ్రూప్-1నే తీసుకోండి. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ పడ్డప్పుడు ఒక ఆడపిల్లకు దరఖాస్తు నింపాను. అక్టోబరులో పరీక్ష రాసింది. పేపర్ లీకైందని రద్దు చేశారు. 2023 జూన్‌లో మళ్లీ రాసింది. దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వస్తే మూడోసారి కూడా హాల్ టికెట్ తీసిచ్చింది నేనే. మూడుసార్లూ వాళ్లమ్మ వెంట వచ్చింది. మూడుసార్లూ ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది. ఆమెది జీతాల పిచ్చి అని నేను అనలేను.

ఇంకో సంగతి చెబుతాను. ఇది చెప్పుకోవడానికి నాకే కష్టంగా ఉంది.

ఎండాకాలంలో ఒకరోజు పక్క ఊరి నుంచి తండ్రీకొడుకులు వచ్చారు. అబ్బాయి డిగ్రీ అయిపోయింది, హైదరాబాద్‌లో ఏదో కంపెనీకి బయోడేటా పంపాలి. పేరు, ఊరు, మార్కులు టైపు కొట్టాక 'హాబీలు' అన్న వరుస వచ్చింది. "ఏం రాయాలె తమ్మీ?" అన్నాను. అబ్బాయి తండ్రి దిక్కు ఒకసారి చూసి, "హార్మోనియం వాయిస్తనన్నా" అన్నాడు మెల్లగా. వాళ్ల తాత భజన మండలిలో వాయించిన పెట్టె అది. తాత పక్కన కూర్చుని తిత్తి కొడుతూ నేర్చుకున్నాడట. నేను ఆ మాట కొట్టాను. తండ్రి తెర మీదికి వంగి, "ఏం రాసినవన్నా?" అని అడిగాడు. చదివి వినిపించాను.

"అది తీసెయ్యన్నా. పని మీద ధ్యాస లేనోడనుకుంటరు. క్రికెట్ అని పెట్టు."

అబ్బాయి ఏమీ అనలేదు. నేను చెరిపేసి క్రికెట్ అని కొట్టాను. డబ్బులిచ్చేటప్పుడు ఆ తండ్రి చేతులు చూశాను. సిమెంటు తిన్న వేళ్లు. చివర్లన్నీ పగిలి నల్లగా చారలు పడి ఉన్నాయి. మా నాయిన చేతులూ అట్లాగే ఉండేవి.

మీ వ్యాసకర్తకు తెలియాల్సింది ఈ చేతుల సంగతే. మా జిల్లా నాగర్‌కర్నూల్ అయింది 2016లో. అంతకుముందు మాది మహబూబ్‌నగర్, జనం నోట పాలమూరు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ అనే మాట వినబడేది. గుంపు మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ పైకం పెళ్లికో, రోగానికో, బోరుకో అయిపోయేది. తర్వాత ఆలుమగలు పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలి లారీ ఎక్కేవాళ్లు. నెల తిరిగేసరికి ఖచ్చితంగా పడే జీతం అంటే ఈ నేల మీద డాబు కాదు. ఆ లారీ మళ్లీ ఎక్కకుండా ఉండటం. కొడుకు కొలువు చేయాలని పట్టుబట్టే తండ్రి, హార్మోనియం మీద కోపంతో ఆ మాట అనడు. ఆకలి అంటే ఏమిటో తెలిసి అంటాడు.

అయితే ఆ తండ్రి చేసింది సరైనదేనా అంటే, కాదు. నేను చేసింది అంతకంటే కాదు.

మా దగ్గర కళా, కొలువా అన్న మాట వస్తే అందరూ ఎత్తే పేరు ఒకటుంది, దర్శనం మొగిలయ్య. లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు, మాకు దూరం కాదు. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో అతికిన మెట్లు కలిపి చేసిన పన్నెండు మెట్ల కిన్నెర భుజాన వేసుకుని జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడుతూ ఊరూరా తిరిగిన మనిషి. ఏళ్లపాటు ఆయనను మనం చూసింది అడుక్కునేవాడిగానే. 'భీమ్లా నాయక్' సినిమాలో గొంతు వినబడ్డాక, 2022లో పద్మశ్రీ వచ్చాక అదే మనిషి మా జిల్లా గర్వకారణం అయ్యాడు. అప్పటి ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. అయినా 2024 మే నెలలో తుర్కయంజాల్ దగ్గర ఒక కట్టడం పనిలో ఆయన కూలీగా కనబడ్డ వీడియో ఫోన్లన్నిటికీ వచ్చింది.

ఆ రోజు నా దుకాణం పక్కన హోటల్లో చాయ్ తాగుతూ ఒక పెద్దమనిషి ఆ వీడియో తన కొడుక్కు చూపించాడు. "చూసినవా? పద్మశ్రీ వచ్చినా ఇటుకలే" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆ పిల్లవాడి మనసులో ఎన్ని తలుపులు మూసుకున్నాయో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఎందుకంటే ఆయన చూపించిన దృశ్యం నిజం, దాని నుంచి తీసిన నీతి తప్పు. మొగిలయ్య కిన్నెర పట్టడం తప్పు కాదు. అంత విద్య ఉన్న మనిషికి నెల నెలా చేసుకోవడానికి ఆ విద్యలోనే ఒక పని చూపించకపోవడం మన తప్పు. శాలువా కప్పాం, చెక్కు ప్రకటించాం, ఫొటో దిగాం. కొలువు ఇవ్వలేదు. చెక్కు ఎంత పెద్దదైనా ఇంట్లో పెళ్లిళ్లు, రోగాలు ఉన్నప్పుడు ఒక్కసారికే. జీతమైతే ప్రతి నెలా వస్తుంది. ఈ తేడా మా పాలమూరు కూలీకి తెలిసినంత బాగా శాలువాలు కప్పేవాళ్లకు తెలియదు.

ఈ నేల మీద ఇష్టాన్ని నిలబెట్టుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లు ఎట్లా నిలబెట్టుకున్నారో కూడా చెప్పుకోవాలి. గద్వాల దిక్కు ఇటిక్యాలపాడు నుంచి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గారు వకీలు చదువు చదివి, ఆ వృత్తిలో గడించే దారి వదిలి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. గొప్ప తెగువే. కానీ ఆయన చేతిలో రెడ్డి హాస్టల్ బాధ్యతలు ఉండేవి, వనపర్తి సంస్థానంలోని ఒక ఊరి నుంచి వెళ్లి హైదరాబాద్ కొత్వాల్ అయిన రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి లాంటివాళ్లు వెనుక ఉన్నారు. మా దగ్గరి జినుకుంటలో పుట్టిన కపిలవాయి లింగమూర్తి గారు పాలెం ఓరియంటల్ కళాశాలలో తెలుగు చెబుతూనే జిల్లాలో గుడి గుడీ, ఊరు ఊరూ తిరిగి చరిత్ర రాశారు. తెలకపల్లి మండలం గౌరారం బిడ్డ గోరటి వెంకన్న గారు సహకార శాఖలో ఉద్యోగం చేస్తూ పాట కట్టారు, 2021లో ఆయన 'వల్లంకి తాళం'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వీళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఇష్టం బతకాలంటే దాని కింద ఒక ఆధారం ఉండాలి. వీళ్లకు అది దొరికింది, మొగిలయ్యకు దొరకలేదు. పుట్టిన కులం కలిసిరాక, ఇంట్లో చదువు, చేతిలో సర్టిఫికెట్ లేకపోతే అది దొరకడం కష్టం. ఇష్టమైనది చేయమని పిల్లలకు చెప్పేవాళ్లు ఈ మాట కూడా చెప్పాలి.

మా కాలేజీలకు అప్పుడప్పుడు మోటివేషన్ స్పీకర్లు వస్తారు. ధైర్యం చేసి మీ కల వెంట పోండి అని గంట చెప్పి కారెక్కుతారు. మరునాడు ఆ పిల్లలు నా దగ్గరికే వస్తారు, పోలీస్ కానిస్టేబుల్ దరఖాస్తుకు. ధైర్యం వాళ్లకు తక్కువేమీ లేదు. దారి లేదు.

దారి వేయడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టంలోనే ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో వంద మంది పిల్లలు దాటితే కళలకు, ఆటలకు, చేతిపనులకు పార్ట్‌టైం బోధకులు ఉండాలని రాసి ఉంది. ఆ కళల బోధకుడి స్థానంలో మా కిన్నెర మనిషినో, చెక్కభజన గురువునో, యక్షగానం తెలిసిన పెద్దనో కూర్చోబెట్టమని అడుగుతున్నాను. అర్హత దగ్గర సర్టిఫికెట్ అడగకండి, పది మంది పెద్దల ముందు వాయించి చూపించమనండి. గురుకులాల్లో వాళ్లకు గంటలు కేటాయించండి. గౌరవ వేతనం అని పేరు పెట్టి ఏడాదికి ఒకసారి వేయకండి, టీచరుకు పడ్డట్టు ఒకటో తారీఖున ఖాతాలో వేయండి. అప్పుడు ఏ తండ్రీ నా దగ్గర కూర్చుని హాబీల వరుసలో హార్మోనియం చెరిపేయమనడు. ఆ పని కూడా ఒక కొలువే అని నోటితో చెప్పనక్కర్లేదు, బ్యాంకు పాస్‌బుక్కు చెబుతుంది.

తల్లిదండ్రులకూ ఒక మాట. కొలువు కావాలనుకోండి, నేను కాదనను, నా పిల్లలకూ కావాలి. ఆ హార్మోనియం పెట్టెను మాత్రం అటక మీద పెట్టించకండి. డ్యూటీ నుంచి వచ్చాక సాయంత్రం గంటసేపు వాయించినంత మాత్రాన ఏ ఉద్యోగమూ పోదు.

చివరగా, సంపాదకులు గారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఈఏపీసెట్ ఫలితాలు, ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మీ పత్రికలో పేజీ నిండా ర్యాంకర్ల ఫొటోలు పడతాయి. వాటిని చూపించి మా పిల్లలను పక్కింటి పిల్లలతో పోల్చడం మేం నేర్చుకున్నాం. జిల్లా పేజీలో వారానికి ఒక్కసారి, ఒక మూల, ఊళ్లో హార్మోనియం వాయించే పిల్లవాడి ఫొటో, చెక్కభజన చేసే పిల్ల ఫొటో వేయండి. పేరు, ఊరు, నేర్పిన గురువు పేరు చాలు. మా మండలం నుంచి ఆ ఫొటోలు పంపే పని నేను చూసుకుంటాను, స్కానింగుకు పైసా తీసుకోను.

ఇట్లు,
నెట్ సెంటర్ నడుపుకునే ఒక పాఠకుడు,
ఉప్పునుంతల, నాగర్‌కర్నూల్ జిల్లా