కంప్యూటర్‌ను ఫోన్ చేసేముందు ఒక్క సవాల్



విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సెలవు చెప్పింది. మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆ రోజుతో ఆగిపోయాయి. నమోదు చేసుకున్నవాళ్లకు మాత్రం 2026 అక్టోబర్ 13 దాకా మొహ్లత్ ఇచ్చారు. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే దానికి షరతులున్నాయి. టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి పైకి ఉండాలి. మన కథలాపూర్, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఇళ్లలో ఉన్న కంప్యూటర్లు చాలామటుకు అంతకంటే పాతవి. దుబాయ్ నుంచో దమ్మామ్ నుంచో సెలవు మీద వస్తూ తెచ్చిన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు, పిల్లల చదువు కోసమని బీడీల పైసలు, గల్ఫ్ పైసలు కలిపి కొన్న డెస్క్‌టాప్‌లు.

వాటి గురించి ఇప్పుడు రెండు మష్వరాలు వినిపిస్తున్నాయి. ఒకటి, కబాడీకి వేసెయ్యండి. రెండోది, ఆండ్రాయిడ్ వేయించండి, ఫోన్ లెక్క నడుస్తది. మొదటిది ఇస్రాఫ్. నడిచే వస్తువును పారేయడం మన దీన్‌కూ, మన జేబుకూ రెండింటికీ సరిపడదు. రెండో మష్వరా గురించే ఈ మాటలు. కంప్యూటర్‌లో ఆండ్రాయిడ్ వేయడం తప్పేమీ కాదు. కానీ దాని ముందు రోజూ కూర్చునేది ఎవరు అనే సవాల్‌కు జవాబ్ చెప్పుకోకుండా వేస్తే, ఇంట్లో తాలీమ్ కోసం మిగిలిన ఒక్క సామానును మనమే ఇంకో పెద్ద ఫోన్ చేసినవాళ్లమవుతాం.

ముందు హఖీకత్ ఏమిటో చూద్దాం. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లినక్స్ కెర్నలే. అందుకే దాన్ని కంప్యూటర్‌కు మార్చడం సాధ్యమైంది. ఫోన్లలో ఉండేది ఎక్కువగా ఆర్మ్ జాతి ప్రాసెసర్, మన కంప్యూటర్లలో ఉండేది ఎక్స్86 జాతి. ఒకదాని జబాన్ ఇంకోదానికి రాదు. ఆ తేడాను దాటించడానికి తైవాన్‌కు చెందిన చిహ్-వీ హువాంగ్ 2009లో ఆండ్రాయిడ్-ఎక్స్86 అనే పని మొదలుపెట్టారు. దాని పునాది మీద తర్వాత చాలా వచ్చాయి. రీమిక్స్ ఓఎస్ 2016లో హంగామాగా వచ్చి, 2017లోనే మామూలు జనానికి బంద్ అయింది. మన దేశంలో తయారైన ప్రైమ్ ఓఎస్ ఉంది. బ్లిస్ ఓఎస్ ఉంది.

వేసే పద్ధతి కూడా జాదూ ఏమీ కాదు. ఐఎస్ఓ అనే ఫైల్‌ను దాని అసలు వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. రూఫస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్ లాంటి ఏదో ఒక కీ నొక్కి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలి. కొన్నింటిలో సెక్యూర్ బూట్ ఆపాల్సి వస్తుంది. అప్పుడు తెర మీద చాలావరకు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండా నడిపి చూసే లైవ్ పద్ధతి, రెండోది ఇన్‌స్టాల్. దుకాన్‌కు తీసుకుపోయినా సరే, ముందు లైవ్‌లో నడిపి చూపించమని అడగండి. వైఫై పట్టిందా, సౌండ్ వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందా, ఈ నాలుగూ అక్కడే తేలిపోతాయి.

ఇక ఫైదా, నుక్సాన్ లెక్క. ఫైదా ఉంది, లేదనను. ఫోన్ అలవాటైన నానీకి, దాదీకి ఆ బొమ్మలు తెలిసినవే. పందొమ్మిది అంగుళాల మానిటర్ మీద ఖురాన్ అక్షరాలు పెద్దగా కనిపిస్తే కళ్లజోడు వెతుక్కునే బాధ తప్పుతుంది. కుటుంబమంతా ఒకేసారి కూర్చుని గల్ఫ్‌లో ఉన్న మనిషిని చూడొచ్చు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ నడవదు కాబట్టి బోటిమ్ మన ఇళ్లలో చిన్న పిల్లలకు కూడా తెలిసిన పేరే.

నుక్సాన్ సంగతి మాత్రం ఎవరూ ముందు చెప్పరు. ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి అందులో నడుస్తాయని అనుకోవద్దు. యూపీఐ యాప్ బ్యాంకులో ఉన్న నంబర్ సిమ్ అదే పరికరంలో ఉందా అని ఎస్సెమ్మెస్ పంపించి చూసుకుంటుంది. కంప్యూటర్‌కు సిమ్ ఎక్కడిది? పైగా బ్యాంకు యాప్‌లు చాలావరకు గూగుల్ ధ్రువీకరించిన పరికరమా కాదా అని తనిఖీ చేస్తాయి. నిలువు తెర కోసం చేసిన యాప్‌లు తెరిస్తే బొమ్మ మొత్తం పక్కకు తిరిగి కూర్చుంటుంది, మెడ వంచి చూడాలి. ఆర్మ్ కోసమే రాసిన కొన్ని యాప్‌లు అసలు తెరుచుకోవు.

అసలు ముష్కిల్ ఇంకోటుంది. విండోస్ 10కు సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, భద్రం కాదు అనే కదా మారుతున్నాం? ఆండ్రాయిడ్-ఎక్స్86 స్థిరమైన వెర్షన్లలో పై నంబర్‌ది 9.0-ఆర్2, అది వచ్చింది 2020 మార్చిలో. అంటే 2018 నాటి ఆండ్రాయిడ్ 9. దానికి గూగుల్ సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎప్పుడో ఆగిపోయాయి. నిన్న గడువు తీరిన మందు పారేసి మొన్నే గడువు తీరిన మందు తాగినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. వేయాలనే అనుకుంటే దానికంటే కొత్త ఆండ్రాయిడ్ మీద నడిచే బ్లిస్ లాంటివాటిని చూడాలి.

ఇప్పుడు పిల్లల సంగతికి వస్తాను. నా ఫిక్ర్ అంతా వాళ్ల గురించే.

మన పిల్లల ఇంతెహాన్లు కంప్యూటర్ మీదికి వెళ్లిపోయి చాలా రోజులైంది. తెలంగాణలో ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది, ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. ఇంజనీరింగ్ పేపర్‌లో 160 ప్రశ్నలు, టైమ్ మూడు గంటలు. అంటే ఒక్కో ప్రశ్నకు దాదాపు 67 సెకన్లు. జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీదే. టీచర్ కొలువుల డీఎస్సీ 2024లో కంప్యూటర్ మీదే పెట్టారు. ఫోన్ తప్ప ఏదీ ముట్టని బేటా, బేటీ ఆ హాల్లో మొదటిసారి మౌస్ పట్టుకుంటే, ఆ 67 సెకన్లలో కొన్ని బాణం గుర్తును వెతకడానికే పోతాయి. తెలివి తక్కువై కాదు, చేతికి అలవాటు లేక. ఆ తర్వాత కొలువుకు పోయినా అంతే. అక్కడ అడిగేది ఎక్సెల్ షీట్, ఫైళ్లు, ఫోల్డర్లు, టైపింగ్. ఫోన్ మనకు చూడటం నేర్పింది. చేయడం నేర్పేది కీబోర్డే.

బేటీల సంగతి ఇంకా సాఫ్‌గా చెప్పాలి. మన ఇళ్లలో కొడుకు చేతికి ఫోన్ పదో తరగతిలోనే వచ్చేస్తుంది. కూతురి చేతిలో ఫోన్ కనబడితే మాత్రం చాచా, మామూ, పక్కింటివాళ్లు, అందరికీ ఒక సవాల్ ఉంటుంది. ఆ రివాజ్ సరైనదని నేను అనను. కానీ ఆ రివాజ్ మధ్యలోనే ఆ పిల్ల చదువుకోవాలి. హాల్లో అందరి కళ్ల ముందు ఉన్న కంప్యూటర్ మీద ఎవరికీ అనుమానం రాదు. అమ్మీ వంట చేసుకుంటూ చూస్తూనే ఉంటుంది, పిల్ల మాక్ టెస్ట్ రాసుకుంటూనే ఉంటుంది. దోస్త్‌లో డిగ్రీ సీటుకు ఆప్షన్లు పెట్టేది అక్కడే, స్కాలర్‌షిప్ ఫారం నింపేది అక్కడే. అంటే చాలా ఇళ్లలో ఆ పాత డబ్బా ఆ పిల్లకు ఇజ్జత్‌తో దొరికిన ఒకే ఒక్క కిటికీ. దాంట్లో ఆండ్రాయిడ్ వేసి గేములు, రీల్స్ తెరిచిపెడితే ఏమవుతుంది? వారం తిరగకుండా కుర్చీ తమ్ముడిదైపోతుంది. ఎవరూ పిల్లను లేవమని అనరు. ఆమే లేచిపోతుంది.

అయితే చేయాల్సిందేమిటి? ఇంట్లో చదివే పిల్లలుంటే నా మష్వరా లినక్స్. లినక్స్ మింట్ ఉచితం, అప్‌డేట్లు వస్తూ ఉంటాయి. దాని ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తేలిగ్గా ఉంటుంది, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్‌లోనూ నడుస్తుంది. లిబ్రేఆఫీస్ అందులోనే ఉంటుంది, వర్డ్, ఎక్సెల్ పనులు నేర్చుకోవడానికి సాలు. తెలుగులో లినక్స్ కావాలనుకున్నవాళ్లకు స్వేచ్ఛ సంస్థ చేసిన పని కూడా ఉంది. ఎక్కువగా ఇంటర్నెట్ మీదే పని ఉంటే గూగుల్ 2022లో తెచ్చిన క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ ఉంది. అదీ ఉచితమే, కానీ అందులో ప్లే స్టోర్ యాప్‌లు ఉండవని ముందే తెలుసుకోండి. దేనికైనా ముందు, వీలుంటే పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టించండి. ఓఎస్ మార్చితే వచ్చే వేగం కంటే దాంతో వచ్చే వేగమే ఎక్కువ.

నానీకి ఆండ్రాయిడ్ కావాలి, పిల్లలకు కంప్యూటర్ కావాలి అంటే రెండూ ఒకే మిషన్‌లో పక్కపక్కన వేయొచ్చు. ఆన్ చేసినప్పుడు ఏది కావాలో అడుగుతుంది. పిల్లలెవరూ లేని ఇల్లా? పెద్దవాళ్లు ఇద్దరే ఉన్నారా? అక్కడ ఆండ్రాయిడే వేయండి, నిశ్చింతగా.

రాత పని చేసేవాళ్లు మాత్రం ఆగాలి. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని, రెండు జబాన్ల రాత మీదే బతుకుతున్నవాణ్ని, అందుకే ఇది చెప్పడం నా జిమ్మేదారీ. ఉర్దూ అఖ్బార్లను కాతిబ్‌ల కలం నుంచి కంప్యూటర్ మీదికి తెచ్చిన ఇన్‌పేజ్ 1994లో ఢిల్లీలో పుట్టింది. అది విండోస్ సాఫ్ట్‌వేర్. మన దిక్కు షాదీ రుఖాలు కొట్టే తెలుగు డీటీపీ దుకాన్లలో ఉండే అను స్క్రిప్ట్ కూడా విండోస్‌దే. ఆండ్రాయిడ్ వేసిన మిషన్‌లో అవి రెండూ తెరుచుకోవు. ఆ పని మీద రోజీ నడిచేవాళ్లు విండోస్ తీసేయకండి. ఇంటర్నెట్ తీసేసి ఆ పనికే ఉంచుకోండి. మిగతావాళ్లకు యూనికోడ్ ఉంది. నోటో నస్తాలీఖ్ లాంటి ఉచిత ఫాంట్‌తో లినక్స్‌లోనూ ఉర్దూ అందంగా వస్తుంది. గల్ఫ్ నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ కీల మీద అరబీ అక్షరాలుంటాయి కానీ ఉర్దూకు కావలసిన పే, చే, గాఫ్ లాంటివి ఉండవు. దానికి ఉర్దూ ఫొనెటిక్ కీబోర్డ్ పెట్టుకుంటే ఆ ముష్కిల్ ఆసాన్ అవుతుంది. పిల్లలు నాలుగు లైన్లు ఉర్దూలో, నాలుగు లైన్లు తెలుగులో సొంతంగా టైప్ చేస్తే చాలు, రెండు జబాన్లూ ఇంట్లో బతుకుతాయి.

ఇంకో మాట, ఇది అమానత్ గురించి. ఆ హార్డ్‌డిస్క్‌లో ఏముందో ఒకసారి గుర్తు చేసుకోండి. అబ్బా పాస్‌పోర్ట్ స్కాన్, ఇఖామా కాపీ, అందరి ఆధార్‌లు, నిఖా ఫొటోలు, ఇప్పుడు లేని దాదా గొంతు. ఇన్‌స్టాల్‌లో ఒక్క తప్పు నొక్కుతో అవన్నీ పోవచ్చు. ముందే వేరే డ్రైవ్‌లోకి ఎక్కించి, తెరిచి చూసుకుని, అప్పుడే ముందుకు పోండి. దుకాన్‌లో ఇస్తే ఆ ఫైళ్లు లేకుండా ఇవ్వండి. కబాడీకి వేయక తప్పదంటే హార్డ్‌డిస్క్ తీసుకుని మిగతాది వేయండి. ఇంట్లో ఆడవాళ్ల తస్వీర్లు గైర్ చేతుల్లో పడితే, తర్వాత ఏడ్చి ఫైదా లేదు.

కొందరంటారు, జమానా ఫోన్‌దే, రేపు కంప్యూటర్లు కూడా ఆండ్రాయిడ్‌వే అవుతాయి అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆండ్రాయిడ్‌ను కంప్యూటర్లకు తెచ్చే పనిలో ఉన్నామని గూగుల్ 2025 సెప్టెంబర్‌లో క్వాల్‌కామ్ వేదిక మీదే చెప్పింది. రానివ్వండి, మంచిదే. కానీ అది వచ్చేది కొత్త మిషన్లలో. అప్పుడు కూడా దాని ముందు కూర్చునేవాళ్లు రెండు రకాలే ఉంటారు, చూసేవాళ్లు, చేసేవాళ్లు. మన పిల్లలు ఎటు ఉండాలన్నది గూగుల్ చేతిలో లేదు, మన ఇంట్లోనే ఉంది.

కాబట్టి ఈ జుమా రోజు నమాజ్ అయి, భోజనం అయ్యాక ఆ మూలనున్న కంప్యూటర్ మీది గుడ్డ తీయండి. ఆన్ చేయకముందే ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి, దీంతో నీకేం పని ఉంది అని ఒక్కొక్కరినీ అడగండి. ముందుగా బేటీని అడగండి. ఆమె చెప్పింది విన్నాకే ఏ ఓఎస్ వేయాలో తేల్చుకోండి.