రోము కాసులు, మన కాసులపేరు

మన పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళ మెడలో కాసులపేరు చూస్తూనే ఉంటాం. ఆ కాసుల మీద లక్ష్మీదేవి బొమ్మ ఉంటుంది. సుమారు రెండు వేల ఏళ్ళ కింద మన దేశానికి వచ్చిన మరో రకం కాసు మీద రోము చక్రవర్తి తల ఉండేది. దాన్ని ఆరియస్ అనేవారు. అగస్టస్ కాలంలో దాని బరువు దాదాపు 7.8 గ్రాములు. మా పళ్ళిపట్టు వైపు సవరను అంటే 8 గ్రాములు. తేడా ఎంతో లేదు చూడండి!

మిరియాలు, ముత్యాలు, సన్నబట్టలు కొనడానికి రోము వర్తకులు ఈ బంగారాన్ని ఓడల్లో తెచ్చారు. ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతున్నాయని ప్లినీ అనే రోము పండితుడు వాపోయాడు. నూరు సెస్టర్సులు ఒక ఆరియస్ కనుక, అది 5 లక్షల కాసుల లెక్క.

ఆ కాసుకు ఒక పక్క చక్రవర్తి ముఖం, చుట్టూ ఆయన పేరు, బిరుదులు. రెండో పక్క రకరకాల బొమ్మలు. అగస్టస్ కాసు మీద డాళ్ళు, ఈటెలతో ఆయన మనుమలిద్దరు. టైబీరియస్ కాసు మీద రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. పత్రికలు లేని ఆ కాలంలో రాజుగారి మాటను ఊరూరికీ చేర్చినవి ఈ బొమ్మలే.

మనవాళ్ళకు మాత్రం బంగారమే ముఖ్యం. 1898లో పుదుక్కోట దగ్గర దొరికిన 501 కాసుల్లో చాలావాటికి చక్రవర్తి ముఖం మీదే ఉలిగాటు ఉంది. చెల్లిపోయిన కాగితాన్ని బ్యాంకులో మేము గీత కొట్టి రద్దు చేస్తాం కదా, ఇదీ అలాంటిదేనని కొందరు పండితుల అభిప్రాయం.

1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి. చిన్న గుడి శిథిలాల కింద ఒక ముంత, అందులో ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టీనాల కాసులు. అతను వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా వరకు కరిగిపోగా, నవాబు అమీర్ ఉల్ ఉమరా ముప్పైకి పైగా దక్కించుకున్నాడు. కొన్నిటికి బెజ్జాలున్నాయనీ, నగలుగా వేసుకుని ఉంటారనీ మద్రాసు గవర్నరుగా పనిచేసిన డేవిడ్‌సన్ రాశాడు. అంటే రోము చక్రవర్తి మన ఇల్లాళ్ళ మెళ్ళో ఊగాడన్నమాట!

గీటురాయి బంగారం నాణ్యం చెబుతుంది, త్రాసు బరువు చెబుతుంది. బొమ్మ విలువ ఆ రెంటికీ అందదు. భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. ప్రభుత్వం దాన్ని తీసుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. నెల్లూరు రైతుకు ఆ అండ లేదు, మనకుంది. అలాగే, మీ ఇంట్లో అమ్మమ్మగారి పాత కాసులుంటే, మార్పిడికి అంగడికి తీసుకుపోయే ముందు ఒక్కసారి భూతద్దం పెట్టి రెండు పక్కలా చూడండి.