సాయం కాదండీ, అదీ పనే

"అన్నయ్య విమానం కడుతున్నాడు, వదిన కుట్టుపనిలో సాయం చేస్తోంది." మా గరాజ్ చూసి వెళ్లిన తెలుగువాళ్లు ఫొటో కింద రాసేది ఇదే. నా పేచీ అంతా ఆ "సాయం" అన్న మాటతోనే.

ముందు ఆ పనేమిటో చెప్పనివ్వండి. గుడ్డ కప్పని రెక్క వట్టి ఎముకల గూడు. దాని మీద పాలిస్టర్ గుడ్డ పరిచి, అంచులు జిగురుతో అంటించి, ఇస్త్రీపెట్టెతో బిగించాలి. ముందు 250 డిగ్రీల ఫారెన్‌హీట్, చివరికి 350. అది దాటితే బిగుసుకోవాల్సిన గుడ్డ వదులైపోతుంది. మన ఇస్త్రీపెట్టె మీద కాటన్, సిల్క్ అని ఉంటుందే గానీ డిగ్రీలు ఉండవు. అందుకే థర్మామీటర్‌తో కొలిచి మరీ గుర్తులు పెట్టుకున్నాను.

ఆ తర్వాత కుట్టు. ఎగిరేటప్పుడు రెక్క పైభాగాన గాలి ఒత్తిడి తగ్గి, గుడ్డ పైకి లేవాలని చూస్తుంది. దాన్ని రిబ్బులకు పట్టి ఉంచేది మైనం పూసిన దారం. రెక్కను నిలబెట్టి, అటొకరు ఇటొకరు నిలబడి, పొడవాటి సూదిని ఇవతల నుంచి అవతలకు పంపుతూ కుట్టాలి. ప్రతి కుట్టుకీ ముడి. ప్రొపెల్లర్ గాలి తగిలేచోట కుట్లు ఇంకా దగ్గరగా పడాలి. రేపు అందులో కూర్చుని ఎగిరేది మా ఇంటి మనిషే. ఇది సాయమా?

"కుట్టేగా వదినా, మీకు చిన్నప్పటి నుంచీ అలవాటేగా" అంటారు. మావారికి ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ అలవాటే. ఆఫీసులో ఆయన్ని అలా అని ఎవరైనా తీసిపారేశారా? మగవాడి అలవాటు అనుభవం, ఆడదాని అలవాటు వట్టి అలవాటు!

ఇది కొత్త సంగతీ కాదు. 1900లో విల్బర్ రైట్ తన గ్లైడర్‌తో కిట్టీ హాక్ చేరాడు. అనుకున్న పొడవు కర్రలు దొరక్క, రెక్క గుడ్డను కత్తిరించి మళ్లీ కుట్టాల్సి వచ్చింది. కుట్టింది ఆ ఊళ్లో టేట్ గారి భార్య దగ్గర అడిగి తెచ్చుకున్న కుట్టుమిషన్ మీద. ప్రయోగాలయ్యాక అన్నదమ్ములు గ్లైడర్‌ని అక్కడే వదిలేస్తే, ఆవిడ ఆ సాటిన్ గుడ్డతో కూతుళ్లకు గౌన్లు కుట్టింది. అదే గుడ్డ, అదే మిషన్. ఆయన కుడితే ఆవిష్కరణ, ఆవిడ కుడితే ఇంటిపని.

ఆడవాళ్ల పనిలో ప్రమాదం ఉండదనీ అనకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు ఫ్యాక్టరీల్లో రెక్కల గుడ్డకు "డోప్" అనే పూత పూసినవాళ్లలో ఆడవాళ్లు ఎందరో. అందులోని టెట్రాక్లోరోఈథేన్ వల్ల కామెర్లు వచ్చి కొందరు చనిపోయారు కూడా.

"ఇంట్లోవాళ్ల మధ్య ఈ లెక్కలెందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఇంట్లో కట్టిన విమానానికి అనుమతి రావాలంటే, సగానికి పైగా పని చదువు కోసమో సరదా కోసమో సొంతంగా చేసుకున్నదేనని చూపించాలి. అందుకు ఆధారం లాగ్ పుస్తకం, ఫొటోలు. ఏటేటా చేయాల్సిన తనిఖీని సొంతంగా చేసుకునే రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఒక విమానానికి ఒక్కరికే ఇస్తారు. ఇంజను, వైరింగు, ముఖ్యమైన బిగింపులన్నీ మావారివే కాబట్టి అది ఆయనకే రావాలి, నాకు అభ్యంతరం లేదు. కానీ సర్టిఫికెట్ ఒక్కరిదైనంత మాత్రాన చేసింది ఒక్కరే అయిపోరు. ప్రతి రివెట్టుకూ రాత ఉన్న పుస్తకంలో ప్రతి కుట్టుకూ ఉండాలి. రేపు ఎక్కడైనా గుడ్డ వదులైతే, అది ఎవరు, ఎప్పుడు, ఎంత వేడి మీద బిగించారో తెలియాలి కదా! పేరు రాయడం పొగడ్త కాదు, పూచీ.

మా పిల్లలిద్దరికీ, అబ్బాయికీ అమ్మాయికీ, సూదీ స్పానరూ రెండూ పట్టడం నేర్పిస్తున్నాం. మీ ఇళ్లలోనూ, అది విమానం కానివ్వండి, కొత్తిల్లు కానివ్వండి, "సాయం" అని రాసి ఉన్నచోట కొట్టేయండి. చేసినవాళ్ల పేరు, తేదీ, పట్టిన గంటలు రాయండి.