ఊపిరితో లోనికి బోవు జన్యువు



గడచిన నెలలో మా పెదతల్లి కుమార్తె లండను నుండి వ్రాసిన లేఖ యొకటి మాకు చేరినది. ఆమెకు పదునెనిమిదేండ్ల కుమారుడు గలడు. ఆమె పురుటికి పుట్టినింటికి వచ్చినప్పుడు ఇచ్చటనే, తోటపల్లిగూడూరులో, ఆ పసివానిని మేమందరము ఎత్తుకొని ముద్దాడితిమి. నుదుట ముద్దు పెట్టినవారి పెదవులకెల్ల ఉప్పదనము తగులుచుండెడిది. "కోడూరు సముద్రపుగాలి గదా, ఎవరి మేనైనను ఇంతే" యని మా అమ్మమ్మ నవ్వెను. మేమును నవ్వితిమి. బిడ్డ లండను చేరిన పిదప, మాటిమాటికి దగ్గుచు, ఎన్ని పాలు త్రాగినను బరువెక్కకుండుట చూచి, అచ్చటి వైద్యులు చెమటను పరీక్షించిరి. అది గాలి యుప్పు గాదు, సిస్టిక్ ఫైబ్రోసిస్ అను పుట్టువ్యాధి గురుతని తేలినది. నుదురు ఉప్పగా నుండు బిడ్డ బ్రదుకదని ఐరోపా ఖండమున పూర్వము చెప్పుకొనెడివారట. మన తీరమున ఆ యుప్పదనము ఎవ్వరికి అనుమానము గొల్పును!

ఈ వ్యాధికి మూలమైన జన్యువును 1989లో కనుగొనిరి. కణముల పైపొరలో ఉప్పు రాకపోకలకు ద్వారమువంటి మాంసకృత్తును చేయుట దాని పని. ఆ ద్వారము చెడినచో ఊపిరితిత్తులలోని కఫము బంకవలె చిక్కబడి, సూక్ష్మజీవులకు నెలవగును. చెడిన ద్వారమును సరిచేయు మాత్రలు వచ్చినవి. 2019 నుండి వానివలన అనేకులకు మేలు కలుగుచున్నది. కాని మా బాలునకు ద్వారమే తయారగుట లేదు. ఆ జన్యువులోని వ్రాత నడుమనే తెగిపోయినది. లేని తలుపునకు గడియ బాగుచేసి ఫలమేమి? కనుక మంచి జన్యువునే క్రొవ్వుపొరలో చుట్టి, ఆవిరివలె పీల్పించు ప్రయోగమును గూర్చి వైద్యులు ప్రస్తావించిరట. "చెల్లీ, నీవు చదివినదానవు. ఇది ప్రమాదమా కాదా, ఒక్కమాట చెప్పుము" అని అక్క వ్రాసినది.

ఒక్కమాటలో చెప్పుటకు మాకు సాధ్యము కాలేదు. తెలిసికొన్నంత ఇచ్చట వ్రాయుచున్నాము.

జన్యువును కణములోనికి మోయుటకు మొదట వైరసులనే వాహనములుగా జేసికొనిరి. మనలో చాలమంది వేయించుకొన్న కోవిషీల్డు టీకా అట్టిదే. వైరసు దారి యెరిగినది. కాని శరీరమును దాని నెరిగి యెదురుతిరుగును. మరల మరల నిచ్చినచో ఆ యెదిరింపు హెచ్చి, మందు పారదు. 1999 సెప్టెంబరులో అమెరికాలో జెస్సీ గెల్సింగర్ అను పదునెనిమిదేండ్ల యువకుడు, కాలేయ సంబంధమైన వేరొక లోపమునకై వైరసుద్వారా జన్యువు నెక్కించుకొని, నాలుగు దినములలో మరణించెను. మునుపటి పరీక్షలలో కోతులు చనిపోయిన సంగతి అతడు సంతకము చేసిన సమ్మతిపత్రములో లేదని పిమ్మట బయల్పడినది. మా అక్క కుమారునిదియు అదే వయస్సు. ఈ వాక్యము వ్రాయుటకు ముందు కొంతసేపు కలము క్రింద బెట్టితిమి.

వైరసు లేని వాహనములే ఈ నానోకణములు. వెండ్రుక మందములో ఇంచుమించు వేయవ వంతు గల క్రొవ్వుగుళికలు. జన్యువునకు ఋణవిద్యుత్తు, క్రొవ్వునకు ధనవిద్యుత్తు ఉండుటచే రెండును అంటుకొనును. హైదరాబాదులోని ఐ.ఐ.సి.టి. పరిశోధనాలయమున అరబింద చౌధురిగారి బృందము ఇట్టి క్రొవ్వుల మీద ఏండ్ల తరబడి పనిచేసినది. ఆ నగరముననే సి.సి.ఎం.బి. వారు 2022 మే నెలలో ఎంఆర్ఎన్ఏ టీకా విధానమును స్వదేశమున సిద్ధపరచితిమని ప్రకటించిరి.

కణము ఈ గుళికను మ్రింగి సంచిలో బంధించును. సురస నోట జొచ్చిన హనుమంతునివలె వెలికి వచ్చినదే పనికి వచ్చును, అట్టివి స్వల్పము. మిగిలినవి అభిమన్యునివలె లోననే నశించును. అందుచేత మోతాదు హెచ్చింపవలసి వచ్చును. హెచ్చించినచో ధనవిద్యుత్తు గల క్రొవ్వు కణపు పొరనే గాయపరచవచ్చును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

1999లో ఇంగ్లండున ఎనమండుగురు రోగులకు ఇట్టి క్రొవ్వుతో జన్యువును పీల్పింపగా, ఏడుగురికి ఫ్లూవంటి జ్వరలక్షణములు తోచి, ఒకటి రెండు దినములలో తగ్గినవి. దోషము క్రొవ్వుదే యని తలంతుము గదా! జన్యువును బాక్టీరియాలలో పెంచుటచే, దానిలోని కొన్ని అక్షరజంటలను శరీరము బాక్టీరియా గురుతుగా పోల్చుకొనుట ముఖ్యకారణమని పిమ్మట గ్రహించిరి. బియ్యములో రాళ్ల నేరినట్లు ఆ జంటలను తొలగించి క్రొత్త జన్యువును చేసిరి. దానిని లండను, ఎడింబరో నగరములలో 136 మందితో పరీక్షించిరి. కొందరికి మందు, కొందరికి ఉప్పునీరు, నెలకొకమారు, ఏడాదిపాటు. 2015లో ఫలితము వెలువడినది. ఉప్పునీరు పీల్చినవారి ఊపిరిబలము సుమారు నాలుగు శాతము తగ్గగా, మందు పీల్చినవారిది ఇంచుమించు నిలిచినది. కీడు విషయమున ఇరువర్గములకు చెప్పదగిన భేదము కానరాలేదు. మేలు స్వల్పమే; కాని ఏడాదిపాటు మరల మరల నిచ్చినను శరీరము తిరుగబడలేదనుట మాకు పెద్ద మాటగా తోచినది.

జన్యువునకు బదులు ఎంఆర్ఎన్ఏ నంపిన, అది కొలది దినములలో కరిగిపోవును; మన క్రోమోజోములలో చేరదు. తప్పు జరిగిన శాశ్వతము కాదు, మేలును శాశ్వతము కాదు. 2021లో అమెరికాలో అట్టి దానిని పీల్చిన కొందరికి జ్వరము వచ్చినది, ఊపిరిబలము మాత్రము పెరుగలేదు.

అక్కకు ఇట్లు వ్రాసితిమి: "అక్కా, సంతకము నీది కాదు, బాలునిది. పదునెనిమిది నిండినవి. కాని వానిని వెంటబెట్టుకొని పోయి ఇవి అడుగుము. ఈ క్రొవ్వు లోపల విరిగిపోవునా, పోగుపడునా? ఊపిరితిత్తులు దాటి కాలేయమునకు ఎంత చేరును? ఎన్నిమారులు పీల్వవలెను, పదియవ మారునకు ఏమి చూచిరి? జంతువులలో కీడు కనబడినదా, కనబడినచో ఏ మోతాదున? జ్వరము వచ్చిన రాత్రి ఎవరిని పిలువవలెను? నడుమ మానుకొన్నను ఇప్పటి చికిత్స సాగునా? జవాబులు కాగితము మీద ఇమ్మనుము."

వచ్చే నెల ఆరవ తేదీన వారు ఆసుపత్రికి పోవుదురట. బాలుడు మాతో ఫోనులో మాటలాడుచు, "పిన్నీ, వేసవికి వచ్చెదను, కోడూరు తీసికొనిపోవుదువా?" యని అడిగెను. నడుమ రెండుమారులు దగ్గు వచ్చి ఆగెను. జవాబులు వచ్చినంతనే ఈ పుటలలో తెలియజేయుదుము.